అమ్మ పడుకోవడానికి అవ్వ ఆడిన అబద్ధం

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఆడవాళ్లకు పగటిపూట నడుం వాల్చే హక్కు నెలకు మూడు రోజులే ఉండేది. అది కూడా దయతలచి ఇచ్చింది కాదు, మైల అని బయటికి నెట్టి ఇచ్చింది. బయట చేరిన మనిషి వంటింట్లోకి రాకూడదు, నీళ్ల బిందె తాకకూడదు, గొడ్ల దగ్గరికి పోకూడదు, పిల్లల్ని ఎత్తుకోకూడదు. పెరటి వైపు పంచలో ఆమెకొక చాప, ఒక చెంబు, ఒక కంచం. నాలుగో రోజు తలస్నానం చేస్తేనే లోపలికి రావాలి. ఆ ఆచారం మంచిదని నేను చెప్పడం లేదు. నా కాపురంలో దాన్ని గడప తొక్కనివ్వలేదు, నా కూతురి చేతగానీ కోడలి చేతగానీ పాటించనివ్వలేదు. కానీ మా అవ్వ దాన్ని అడ్డం పెట్టుకునే మా అమ్మను బతికించుకుంది. ఆ సంగతి దాచి దాన్ని ఊరికే తిట్టిపోయడం నాకు చేతకాదు.

మాది విడవలూరుకు తూర్పున ఒక పల్లె. వరి పొలాలు దాటితే ఇసుక, ఇసుక దాటితే సముద్రం. ఇంట్లో నాయన, అమ్మ, నాయన తల్లి అయిన మా అవ్వ, నేను, నా తమ్ముడు. పొలంలో పనిచేసే మనుషులకు మధ్యాహ్నం సంగటి, పులుసు మా ఇంటి నుంచే పోవాలి. పాడి బర్రెలు, వడ్లు ఎండబోయడం, దంచడం, చెరగడం, అంతా అమ్మ నెత్తినే. ఎందుకు ఇంత చేస్తున్నావని అడిగినవాళ్లు లేరు. అడగాలని తోచేది కూడా కాదు, నాకూ తోచలేదు.

తమ్ముడికి నాలుగో ఏట మూర్ఛ పట్టుకుంది. ఆడుకుంటున్న పిల్లవాడు ఉన్నట్టుండి కొయ్యబారి పడిపోయేవాడు, నోట్లోంచి నురగ వచ్చేది. ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. ఒకసారి పంటకాలువ గట్టు మీద వచ్చింది. వాడు నీళ్లలోకి జారిపోతుంటే అమ్మ చూసి, దూకి జుట్టు పట్టుకుని లాగింది. ఆ రోజే వాడి కాలికి దారంతో మువ్వలు కట్టింది. మువ్వల చప్పుడు వినబడుతున్నంతసేపే అమ్మ చేతిలో పని సాగేది. చప్పుడు ఆగిందంటే చేతిలో చేట ఉన్నా, గరిటె ఉన్నా అక్కడే పడేసి పరుగు. తీరా పోయి చూస్తే వాడు కూర్చుని ఇసుకలో గూళ్లు కడుతూ ఉండేవాడు. మళ్లీ వచ్చి పని అందుకునేది. రోజంతా అదే వరస.

నెల్లూరు తీసుకుపోయి చూపిస్తే మాత్రలు ఇచ్చారు. దేవుడి దయ, వాడికి అవి పట్టాయి. మూర్ఛ రావడం తగ్గింది, తర్వాత రానేలేదు. వాడు బడికి పోయే వయసుకు వచ్చాడు, ఊరంతా తిరిగేవాడు. వాడికి నయమైంది గానీ అమ్మకు కాలేదు. ఆ మువ్వలు విప్పనిచ్చేది కాదు. తలుపు చప్పుడైతే ఉలిక్కిపడేది. అన్నం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని లేచిపోయేది. దువ్వెన పెడితే జుట్టు గుప్పెళ్లకొద్దీ ఊడి వచ్చేది. ఏ పనీ చేయకపోయినా గుండె దడదడ కొట్టుకుంటోందని నా చెయ్యి తీసి తన గుండె మీద పెట్టుకునేది. నిజంగానే కొట్టుకునేది, నాకు భయమేసి చెయ్యి లాక్కునేదాన్ని. మా మీద కూడా ఊరికే విసుక్కునేది, విసుక్కుని తనే ఏడ్చేది.

అప్పుడే అమ్మ పంచలోకి పోవడం మానేసింది. మా ఇళ్లలో కాపురం చేసుకునే ఆడమనిషి పంచలోకి పోలేదంటే దానికి ఒకటే అర్థం. అవ్వ సంబరపడిపోయింది. పక్కింటి పెద్దమ్మ పచ్చి మామిడికాయలు పంపింది. అమ్మను ఎవరూ ఏమీ అడగలేదు, అమ్మ కూడా అవునని గానీ కాదని గానీ అనలేదు. పొట్ట పెరగాల్సిన మనిషి నెలనెలా ఇంకా ఇంకా చిక్కిపోతుంటే కూడా ఎవరికీ అనుమానం రాలేదు చూడండి. పైగా పంచలోకి పోయే పని లేదు కాబట్టి పని ఆగే రోజే లేకుండా పోయింది. ఆ మూడు రోజుల చాప కూడా అమ్మకు దక్కలేదు.

ఒకనాటి పొద్దున గంజి వారుస్తూ వారుస్తూ అమ్మ అట్లాగే కూలిపోయింది. వేడి గంజి పాదం మీద పడినా లేవలేదు. అవ్వ పరిగెత్తుకొచ్చి అమ్మ తల ఒళ్లో పెట్టుకుని, నడుం తడిమి, పొట్ట తడిమి, ఒక్కసారిగా కేక పెట్టింది. "ఓరి దేవుడా, దీని కడుపులో ఏముండాదిరా, ఎముకలు తప్ప!" అని. నాయన బండి కట్టాడు. కోవూరు మీదుగా పెన్న వంతెన దాటి నెల్లూరు పోయాము. తమ్ముణ్ని వదిలి రానని అమ్మ మొండికేస్తే వాణ్నీ, వాణ్ని పట్టుకోవడానికి నన్నూ ఎక్కించుకున్నారు.

అక్కడి డాక్టరమ్మ కిరస్తానీ ఆవిడ, తెల్ల చీర, నెమ్మదైన మాట. పాదానికి మందు రాసి, రక్తం తీసి పరీక్ష చేయించి, చాలాసేపు అమ్మనే అడిగింది. ఏం తింటావు, ఎప్పుడు పడుకుంటావు, దేనికి భయపడతావు అని. అంతవరకు అమ్మను ఆ ప్రశ్నలు అడిగిన మనిషి లేదు. తర్వాత అవ్వ వైపు తిరిగి చెప్పింది. "కడుపు కాదమ్మా ఇది. చూడండి, మనిషి మూత్రపిండాల మీద చిన్న గ్రంథులు రెండుంటాయి. భయం వేసినప్పుడు అవి రక్తంలోకి రసం వదుల్తాయి. గుండె గబగబా కొట్టుకునేదీ, కాళ్లకు పరుగొచ్చేదీ దానివల్లే. భయం తీరితే అదీ తగ్గాల. ఈమెకు తగ్గడం లేదు. బిడ్డకు బాగైనా ఈమె ఒళ్లు మాత్రం ఇంకా కాలువ గట్టు మీదే ఉంది. అట్టాంటప్పుడు బిడ్డను మోసే పని మనకెందుకులే అని ఒళ్లే ముట్టు ఆపేసుకుంటుంది."

మందు ఇమ్మంది అవ్వ. రక్తం తక్కువగా ఉందని టానిక్కు ఇస్తాను గానీ, అసలు మందు సీసాలో లేదంది డాక్టరమ్మ. కడుపునిండా తిండి, నిద్ర, కొన్నాళ్లు ఏ భయమూ పనీ లేకుండా పడుకోవడం. అమ్మ నవ్వింది. ఎంత అలసిన నవ్వో అది. తిరుగు దారిలో బండిలో కూడా "పడుకోవాలంట" అని ఒకసారి అనుకుని మళ్లీ నవ్వింది.

మా అవ్వ గురించి ఒక మాట చెప్పాలి. మైల విషయంలో ఆమెంత పట్టింపు ఉన్న మనిషి చుట్టుపక్కల లేదు. బయట ఉన్న మనిషి నీడ తులసికోట మీద పడిందని ముంగిలంతా కడిగించిన రోజులున్నాయి. అలాంటి అవ్వ మర్నాడు పొద్దున్నే అమ్మ చేతిలోంచి చీపురు లాక్కుని, "ఏమ్మే, నువ్వు బయట చేరినావు, పంచలోకి పో" అంది. అమ్మ బిత్తరపోయి, "లేదత్తా, నాకేం రాలేదే" అంది. "నేను చెప్తా ఉండా గదా చేరినావని. గమ్మున పోయి పండుకో. దేన్నీ ముట్టుకోబాక." పక్కనే ఉన్న నన్ను చూసి, "విన్నావు గదా? బయట ఎవరి దగ్గరన్నా నోరు తెరిచినావంటే తోలు తీస్తా" అంది. నాయనకు చెప్తే నమ్మాడు. అవ్వ ఆ విషయంలో అబద్ధమాడుతుందని ఎవరు మాత్రం అనుకుంటారు!

ఆ సాయంత్రం అవ్వ నన్ను పిలిచి దేవుడి గూట్లో దీపం పెట్టమంది. ఎప్పుడూ తను తప్ప ఇంకొకరిని పెట్టనిచ్చేది కాదు. ఎందుకని అడిగితే, "అబద్ధం చెప్పిన నోరు, ఈ నోటితో ఆయన్ను ఎట్టా పిలిచేదే" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖం చూసి నాకు చాలా దిగులేసింది.

మొదటి రోజు అమ్మ పడుకోలేదు. చాప మీద మోకాళ్లు పట్టుకుని కూర్చుని మువ్వలే వింటూ ఉంది. చప్పుడు ఆగినప్పుడల్లా లేచి పంచ అంచుదాకా వచ్చేది, వాడు కనబడక అల్లాడిపోయేది. మధ్యాహ్నానికి అవ్వ అది కనిపెట్టింది. తమ్ముణ్ని పట్టుకుని కాలి దారం పుటుక్కున తెంపేసి మువ్వలు రొంటిన దోపుకుంది. అత్తకు ఎదురుచెప్పని మా అమ్మ ఆ రోజు అరిచింది. "వాడికేమన్నా అయితే? ఏమన్నా అయితే ఎవరు చూస్తారు?" అని గుండెలు బాదుకుంది. అవ్వ కదల్లేదు. "అయితే నన్నడుగు. నా కళ్లింకా పోలేదు. వాడు నా చేతిలో ఉండాడు, నువ్వు పండుకో" అని వాణ్ని చంకనేసుకుంది. మోకాళ్ల నొప్పులతో మెట్టు దిగడానికే ఆయాసపడే మనిషి, అంత పిల్లవాణ్ని ఎత్తుకుని అమ్మకు కనబడేటట్టు పెరడంతా తిరిగింది. వంట చేసింది, బర్రెలను చూసుకుంది, వాణ్ని కళ్ల ముందునుంచి కదలనివ్వలేదు.

మర్నాడు భోజనాలయ్యాక అమ్మ నిద్రపోయింది. గొడ్లు ఇంటికి మళ్లే వేళయినా కదలకుండా పడి ఉంది. చచ్చిపోయిందేమో అనుకున్నాను. ముట్టుకోకూడదని తెలిసి కూడా పోయి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. వెచ్చగా ఊపిరి తగిలింది. తిరిగి చూస్తే గుమ్మంలో అవ్వ. ఇక తలస్నానం తప్పదనుకున్నాను. ఆమె చప్పుడు చేయొద్దని వేలితో సైగ చేసి వెళ్లిపోయింది.

ఆ తర్వాత అవ్వ నెల తిరక్కుండానే మళ్లీ చేరావనేది, మళ్లీ పంచలోకి తోలేది. పక్కింటి పెద్దమ్మ ఊరుకుంటుందా? "ఏందక్కా, మీ కోడలు అస్తమానం పంచలోనే ఉంటాది?" అని ఆరా తీసింది. "దాని ఒంటి సంగతి నీకెందుకమ్మే, నీ పొయ్యి మీద కూర మాడతా ఉండాది పో" అని అవ్వ తరిమేసింది. అమ్మకు ఆకలి నెమ్మదిగా మళ్లింది. బుగ్గల్లో కాస్త కండ వచ్చింది. తమ్ముడు వీధిలోకి పోయినా కూర్చున్న చోటే కూర్చోగలిగింది. ఇదంతా ఒక్కరోజులో అయింది కాదు, ఎండాకాలం పోయి వానలు వచ్చాయి.

ఆ వానల్లోనే ఒక పొద్దున అమ్మ పెరట్లోంచి వచ్చి, అవ్వకు దూరంగా నిలబడి మెల్లగా చెప్పింది. "అత్తా, నిజంగానే చేరినాను." రోలు దగ్గరున్న అవ్వ చేతిలో పచ్చడిబండ వదిలేసి అక్కడే కూర్చుండిపోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అమ్మ కూడా ఏడ్చింది. "ఇంక చాల్లే అత్తా, నాకోసం మీరు అబద్ధాలాడొద్దు, పాపం మూటగట్టుకోవద్దు" అంది. అవ్వ కళ్లు తుడుచుకుని, ఎవరితోనో అన్నట్టు అంది. "ఆరు కాన్పులు నాకు. ముగ్గురిని మట్టిలో పెట్టి మర్నాడే నాట్లకు పోయినా. నాకోసం ఒక్కరన్నా ఇట్టా ఒక అబద్ధం ఆడలేదమ్మే."

నాలుగో రోజు అమ్మ తలస్నానం చేసి లోపలికి వచ్చింది. వచ్చీ రాగానే నడవలో చాప పరిచి, ఇవాళ మీరు పడుకోండి, పని నేను చూసుకుంటానంది. అవ్వ కాదనలేదు, పడుకుంది. కాసేపు కళ్లు మూసుకుంది. పాలు పొంగిపోతాయేమోనని లేచి కూర్చుంది. అమ్మ మళ్లీ పడుకోబెట్టింది. దూడ అరిచిందని మళ్లీ లేచింది. చివరికి, "నావల్ల కాదమ్మే, నాకు రాదు" అని చాప చుట్టి మూలన పెట్టి, చేట తీసుకుని కూర్చుంది. ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది గానీ, పగలు ఆమె పడుకోగా నేను చూడలేదు.

ఇప్పుడు మా మనవరాలు ఒత్తిడి, హార్మోన్లు అంటూ పుస్తకం తెరిచి ఏదో చదివి వినిపిస్తుంటే, ఆ డాక్టరమ్మ చెప్పిందే కదా అనుకుంటాను. అదంతా కూర్చుని వినే ఓపిక నాకిప్పుడు లేదు. మా ఇంట్లో ఎవరైనా పట్టపగలు ముసుగుతన్ని పడుకుంటే నేను లేపను, ఎందుకని అడగను. పనికి వచ్చే అమ్మాయి అయినా సరే. ఇక నా సంగతి అంటారా, నిద్ర వచ్చినా రాకపోయినా రోజూ మధ్యాహ్నం ఓ గంట తలుపు దగ్గరగా వేసుకుని పడుకుంటాను. మా అవ్వ తన వాటా నిద్ర కూడా నాకే వదిలేసి పోయింది మరి.