చీటీ లేని మాత్రలు

మందుల అంగడాయన పేపరు ముక్కను కౌంటరు మీద పరిచాడు. అది నేను రాసిన వార్తే.

"డాక్టరు చీటీ తెచ్చుకోన్నా. ఇట్లా అమ్మకూడదని రాసింది నువ్వే కదా?"

"నేను రాసింది నీ గురించి కాదప్పా."

"నా పేరు రాయలేదు, నిజమే. మందుల ఇనస్పెక్టరుకు ఆ మర్యాద తెలీదే! మొన్న మా అంగడికి గూడా వచ్చిపోయినాడు."

పక్కన దగ్గు మందుకు నిలబడిన ముసలాయన నవ్వాడు. నా జేబులో ఒక్క మాత్ర కూడా మిగల్లేదు.

ఏడాదిన్నర కిందట బత్తలపల్లె నుంచి వస్తూ, వేరుశనగ కట్టె మోస్తున్న ట్రాక్టరును తప్పించబోయి బండి మీద నుంచి పడ్డాను. తొడ ఎముకకు రాడ్డు వేశారు. నొప్పికి రాసిచ్చిన మాత్ర నల్లమందు జాతిది, పది రోజులకే రాశారు. పదకొండో రోజు ఈ అంగడాయన చీటీ అడగలేదు. విలేకరిని చీటీ అడిగే అలవాటు మా ఊళ్లో లేదు. రోజుకు రెండు మాత్రలు నాలుగయ్యాయి. కాలు నయమయ్యాక కూడా నాలుగే.

ఆ మాత్రలు మింగుతూనే, పోయిన నెల చీటీ లేకుండా మత్తు మాత్రలమ్మే అంగళ్ల మీద వార్త రాశాను. రాప్తాడు దాకా తిరిగి ఆరు అంగళ్లు చూశాను. ఏడోది నాకు మాత్రలిచ్చేది. దాన్ని వదిలేశాను. రాసినదాంట్లో అబద్ధం లేదు కాబట్టి తప్పు చేశాననిపించలేదు.

మర్నాడు మధ్యాహ్నానికి ఆవులింతలు, ముక్కు కారడం మొదలైంది. బయట రాళ్లు పగిలే ఎండ, నా చేతుల మీద చలికి లేచినట్టు వెంట్రుకలు లేచాయి. విరేచనాలు పట్టుకున్నాయి. మోకాళ్ల కింద ఏదో పాకుతున్నట్టుండి కాళ్లు ఒకచోట నిలవలేదు. ఎండిన పంట మీద నాలుగు వాక్యాలు రాయడానికి తొమ్మిదిసార్లు కుర్చీలోంచి లేచాను.

"ఏమి, గానుగెద్దు మాదిరి తిరుగుతాండావు?" అంది మా ఆవిడ.

"జ్వరం."

నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. "జ్వరం యాడుండాది? మాత్రలైపోయినాయా?"

ఆమెకు తెలుసని నాకు అప్పుడే తెలిసింది. పరుపు కింద నేను దాచే ఖాళీ అట్టలు ఇన్నాళ్లూ పారేసింది ఆమేనట.

మూడో రోజు గుంతకల్లు బస్సెక్కాను. అక్కడి అంగళ్లలో నా ముఖం ఎవరికీ తెలీదు. బస్సు కదలడానికి ఇంకా టైముంది. సీట్లో కూర్చోలేకపోయాను. రెండుసార్లు లేచి కూర్చున్నాను, మూడోసారి దిగిపోయాను. దిగినవాణ్ని నడుస్తూ పెద్దాసుపత్రికి పోయాను.

"ఒక్కసారిగా ఆపమని ఎవరు చెప్పినారు?" అంది డాక్టరమ్మ.

"అంగడాయన."

"నీ అంతట నువ్వు పెంచుకున్యావు, నీ అంతట నువ్వే ఆపినావు. ఇంక నేను చెప్పినట్టు తగ్గించు."

ఆమె రాసిచ్చిన చీటీని అంగడాయన రెండుసార్లు చదివి, తేదీ చూసి, లెక్కపెట్టి మాత్రలిచ్చాడు. అవి ఇప్పుడు మా ఆవిడ దగ్గరుంటాయి.

నాలుగు నుంచి తగ్గిస్తూ వచ్చి, ఉదయం మాత్ర ఆపి పన్నెండు రోజులైంది. సాయంత్రం అర మాత్ర ఇంకా ఉంది. అది ఎప్పుడు ఆపాలో డాక్టరమ్మ ఇంకా చెప్పలేదు. నాలుగు గంటలకే కాళ్లు కదలడం మొదలవుతుంది.