చాంద్‌బీ ఖాలా హౌజులో చేపలు

మా చిన్నప్పుడు... నిజాం జమానా చివరి రోజుల్లో... హైదరాబాదు హుస్సేనీ ఆలంలో మా ఇంటికీ పక్కింటికీ మధ్య గోడలో ఒక చిన్న తలుపుండేది. తోసుకుని వెళ్తే చాంద్‌బీ ఖాలా వాకిలి... ఖాలా అంటే పిన్ని. వాకిలి మధ్యలో రాతి హౌజు, అంటే నీళ్ల తొట్టి... అందులో వేలెడంత చేపలు, ఓ నలభై దాకా.

ఖాలాకు భర్త లేడు, పిల్లల్లేరు. పరదా మనిషి, గడప దాటేది కాదు. ఎప్పుడూ తెల్లబట్టలే... తల మీద తెల్ల దుపట్టా. పొద్దున్నే హౌజు గట్టు మీద కూర్చుని, గోధుమపిండి ఉండలు అరచేతిలో పెట్టుకుని, ఆ చెయ్యి నీళ్లలో ముంచేది. చేపలు వచ్చి ఆ చేతిలోనే తినేవి. వేళ్ల సందుల్లోంచి దూరిపోయేవి. నాకప్పుడు తొమ్మిదేళ్లు... నోరు తెరుచుకుని చూసేదాన్ని.

వాటి సంగతులన్నీ ఆమే చెప్పింది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు దేని దారి దానిది. ఎండెక్కితే అన్నీ గట్టు మీది పుదీనా కుండీ నీడకు చేరతాయి. భిస్తీ తోలుతిత్తితో కొత్త నీళ్లు తెచ్చి పోస్తే, ధార పడేచోటికి తలలు తిప్పి బారులు తీరతాయి. పైన గద్ద తిరిగిందో... చిటికెలో అన్నీ కలిసి ఒక్క ముద్దయిపోతాయి.

"నీళ్లు మంచిగుంటే ఎవరి సైర్ వాళ్లది, ఎవరి తిరుగుడు వాళ్లది బేటీ. డర్ అయితేనే గిట్ల ఒకదాన్నొకటి పట్టుకుంటయ్," అనేది నా తల నిమురుతూ.

ఆ ఎండాకాలం కిషన్‌బాగ్ నుంచి మా మేనమామ కూతుళ్లిద్దరు వచ్చారు. నాకంటే పెద్దవాళ్లు. వాళ్ల ముందు గొప్పలు పోవాలని నాకు ఒకటే ఆరాటం.

"ఈ చేపలు నా మాటింటయ్. ఒక్కటి కమ్మంటే ఒక్కటైతయ్," అన్నాను.

"ఏదీ, చూపియ్!"

గద్దను ఎక్కణ్నుంచి తెచ్చేది? మధ్యాహ్నం నమాజయ్యాక ఖాలా లోపల కునుకు తీసేది. బయట తీగ మీద ఆమె దుపట్టా ఆరుతోంది. దాన్ని రెండు చేతులా పట్టుకుని హౌజు మీద టపటపా కొట్టాను. అంతే... నలభై చేపలూ బెదిరి ముద్దయిపోయాయి. వదినలిద్దరూ చప్పట్లు కొట్టారు. "ఇంకోపారి, ఇంకోపారి!"

మళ్లీ చేశాను. మర్నాడూ చేశాను... ఆ మర్నాడూ... వాళ్లు తిరిగి వెళ్లేదాకా, పది పదిహేను రోజులు.

ఒక పొద్దున ఖాలా ఎప్పటిలాగే గట్టు మీద కూర్చుని వంగింది. దుపట్టా అంచు నీళ్ల మీదికి జారింది. చేపలన్నీ ఒక్క ముద్దయి ఎదుటి మూలకు పారిపోయాయి. ఆమె చాలాసేపు అలాగే చెయ్యి పెట్టుకుని కూర్చుంది... పిండి ఉండలు చేతిలోనే కరిగిపోయాయి.

ఎందుకో నాకు వెంటనే తెలిసిపోయింది.

ఆమెకు తెలియలేదు. నీళ్లు చెడ్డాయేమోనని భిస్తీ చేత హౌజంతా తోడించి కొత్త నీళ్లు పోయించింది. ఎండ ఎక్కువైందేమోనని పైన చాప కట్టించింది. పిండి మార్చింది. నేనూ సాయం చేశాను... చెంబులతో నీళ్లందించాను, చాప తాడు పట్టుకున్నాను. నోరు మాత్రం విప్పలేదు. చాప నీడలో చేపలు కాస్త విడివడి తిరిగేవి. ఆమె వంగగానే మళ్లీ ముద్ద.

ఒకరోజు రెండు చేతులూ నా ముఖం ముందు చాపింది.

"సచ్ చెప్పు బేటీ... నా చేతులు వాసనొస్తున్నయా? గివి నన్ను చూసి ఎందుకు బెదురుతున్నయ్?"

"నాకేం తెల్సు ఖాలా," అన్నాను.

ఆమె చేతులు వెనక్కి తీసుకుంది. "ఇగ నా చేతిల బర్కత్ లేదు," అంది మెల్లగా. బర్కత్ అంటే దేవుడి దీవెన.

ఆ రోజు నుంచి పిండి దూరం నుంచే విసిరేది. నా తల నిమరడం కూడా మానేసింది.

వానాకాలంలో మా తమ్ముడు పుట్టాడు. ఇరవై ఒకటో రోజున అమ్మ వాణ్ని ఎత్తుకుని ఖాలా దగ్గరికి వెళ్లింది. వెనకాలే నేనూ.

"వీని నెత్తి మీద చెయ్యి పెట్టుండ్రి ఖాలా. నా పిల్లలందరికి మీరే పెట్టిండ్రు," అంది అమ్మ.

ఖాలా రెండు చేతులూ దుపట్టా లోపల దాచుకుంది. "వద్దు బిడ్డా... నా చెయ్యి మంచిగ లేదిప్పుడు. దూరం నుంచే దువా చేస్త."

అమ్మ ముఖం చిన్నబోయింది. నేను అమ్మ కొంగు పట్టుకుని నిలబడ్డాను. 'వాటిని బెదిరించింది నేనే' అన్న ఒక్క మాట చాలు... ఆమె చేతులు బయటికొచ్చేవి. ఖాలా కొడుతుందని భయం కాదు. ఆమె ఎవరినీ కొట్టి ఎరగదు. ఇక నన్ను ముద్దు చెయ్యదేమోనని... అంతే.

మరుసటేడు బాపు చాంద్రాయణగుట్ట వైపు ఇల్లు మార్చాడు. వెళ్లే రోజు ఖాలా తలుపు చాటున నిలబడి "ఖుష్ రహో బేటీ" అని దీవించింది. మాట నా నోటిదాకా వచ్చింది.

"జల్ది రా బిడ్డా, జట్కాయన లొల్లి పెడుతున్నడు!" అని బాపు కేకేశాడు. వెళ్లి ఎక్కి కూర్చున్నాను.

పెళ్లయ్యాక ఒకసారి ఆ గల్లీకి వెళ్లాను. ఇంట్లో ఎవరో కొత్తవాళ్లు. ఖాలా పోయి నాలుగేళ్లయిందన్నారు.

ఇప్పుడు నాకు తొంభై దగ్గర పడ్డాయి. నేను చెబుతుంటే మనవరాలు టైపు చేస్తోంది... ఇక్కడిదాకా వచ్చాక అది నా వంక చూడటం లేదు. మా అపార్ట్‌మెంట్‌లో పక్క ఫ్లాటులో ఎవరుంటారో మాకు తెలియదు. ఈ కాలం పిల్లలు తప్పు చేయడానికైనా పొరుగింటికి పోవడం లేదు...

మీలో కూడా ఎవరైనా చెప్పాల్సిన మాట చెప్పకుండా ఉండిపోయారా? ఆ మనిషి ఇప్పుడు లేకపోతే ఇక్కడ కింద రాయండి, మనవరాలి చేత చదివించుకుంటాను. ఉంటే మాత్రం... ఇక్కడ రాయకండి. లేచి వెళ్లండి.