రికార్డుతో తగువు పడ్డ కంచమ్మ

కంచమ్మ అన్నది ఆమె పేరు కాదు. ఒక సాయంత్రం నాటకం మధ్యలో మైకు మొరాయిస్తే, చివరి వరుస దాకా ఖంగుమని వినబడేలా పాడింది. కంచు కంఠమని ఎవరో అన్నారు. అది అలా అతుక్కుపోయింది. గొంతుకు తగ్గ నోరు కూడా ఉండేది. హార్మోనియం ఆయన కాస్త వెనకబడితే పాట ఆపేసి, “నిద్రొస్తే ఇంటికెళ్లి పడుకో బాబాయ్” అనేది, నిండు సభలో. జనం పగలబడి నవ్వేవారు. ఆయన పళ్లు నూరుకునేవాడు.

నాటక సమాజం ఆమె అక్క మొగుడిది. ఆయన పాడలేడు, నటించలేడు. మనుషుల్ని మాటలతో పడేయడం మాత్రం వచ్చు. “ఇక్కడ పాడితే ఈ హాలే వింటుంది. రికార్డయితే ఇంటింటా వింటారు” అని ఊరించి మరదల్ని స్టూడియోకు తీసుకెళ్లాడు.

గోడలకు మందపాటి గుడ్డ కొట్టిన చిన్న గది. చప్పుడవుతుందని ఫ్యాను కూడా తీసేశారు. అద్దం అవతలి నుంచి రికార్డిస్టు, “అమ్మా, అరవకండి. మైకు మీ మూతి ముందే ఉంది” అన్నాడు. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా తమాయించుకుని, గొంతు తగ్గించి, నాటకంలోని రాణి పాటలన్నీ పాడింది. విన్నాక, “ఇది నా గొంతా? పడిశం పట్టినట్టుంది” అని మూతి తిప్పుకుంది. కానీ మంగలి షాపులో ఆ పాట మోగుతుంటే, అయిపోయేదాకా బయట నిలబడేది.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం ఆమె రిహార్సలుకు వెళ్లేసరికి, అక్క నోట్లో గుండుసూదులు పెట్టుకుని తన కూతురి ఒంటిమీద రాణి గౌను బిగిస్తోంది.

“అక్కా, అది నా గౌను.”

“కుట్లు విప్పేశాగా. ఇప్పుడు దీనిది.”

“వేషం సరే, పాటో? ఇది పాడితే జనం చెప్పులు వెతుక్కుంటారు.”

బావ తెర వెనక నుంచి నింపాదిగా వచ్చాడు. “పాట నువ్వే పాడతావమ్మా. రికార్డుందిగా. నువ్వు రానక్కర్లేదు.”

మర్నాడు ఆమె టికెట్టు కొనుక్కుని వచ్చింది. గేటు దగ్గరి మనిషి, “మీ తలుపు అటు కదమ్మా” అంటే, “ఇకనుంచి ఇటే” అని లోపలికెళ్లి నడిమి వరుసలో కూర్చుంది.

రాణి ప్రవేశించింది. లౌడ్‌స్పీకర్లో కంచమ్మ గొంతు, స్టేజీ మీద అక్కకూతురి పెదవులు. హార్మోనియం ఆయన చేతులు కట్టుకుని హాయిగా నవ్వుతున్నాడు. కంచమ్మ లేచి నిలబడి గొంతెత్తింది. స్టేజీ మీద రెండో చరణాన్ని సాగదీసి, చప్పట్లు పడ్డాకే మళ్లీ పల్లవికి దిగడం ఆమెకు అలవాటు. రికార్డుకు ఆ మర్యాద తెలియదు. అది ముందుకు పోయింది, ఈమె వెనక మిగిలింది. రెండు గొంతులూ కొట్టుకున్నాయి. పిన్నిని చూసి బిత్తరపోయిన పిల్ల పెదవులు కదపడం మరిచిపోయింది. నోరు మూసుకున్న రాణి పాడుతూనే ఉంది. హాలంతా గొల్లుమంది.

ముందు వరుసాయన విసుగ్గా తిరిగి, “కూర్చోమ్మా, పాట విననీ” అన్నాడు.

“ఆ పాట నాదేనయ్యా!”

“అయితే అందులో ఉన్నట్టు పాడటం లేదేం?”

కంచమ్మ పాట సగంలో వదిలేసి బయటికి నడిచింది. వరండాలో పిల్ల ఎదురైంది, రంగంతా చెంపల మీదికి కారిపోయి. “నా మొదటి నాటకం పిన్నీ. నీకు కళ్లు చల్లబడ్డాయా?”

“ఇంకా లేదు” అంది కంచమ్మ.

ఆమె పోటీ సమాజంలో చేరింది. అక్కడా జనం “రికార్డులోలాగా!” అని అరిచేవారు. అరిచిన కొద్దీ ఆమె వేరేగా పాడేది. మేనేజరు తల పట్టుకునేవాడు. స్టూడియో మళ్లీ పిలిస్తే, “బావకు అమ్మనంటే వస్తా” అంది. “కొట్లో కొనుక్కునేవాణ్ని నేనెలా ఆపుతానమ్మా?” అన్నాడు రికార్డిస్టు. అప్పటినుంచి ఏ నాటకంలోనూ లేని పాటలే రికార్డుకిచ్చింది. అవి ఓ మోస్తరుగా ఆడాయి.

మూగరాణి నవ్వులపాలయ్యాక బావ సమాజం మెల్లగా మూతపడింది. పిల్లకు పాట రాకపోయినా మాట విరుపు బ్రహ్మాండంగా వచ్చింది. పోటీ సమాజమే ఆమెనూ తీసుకుంది. మేనేజరు ఇద్దరికీ తల్లీకూతుళ్ల వేషాలిచ్చాడు. స్టేజీ మీద ఒకరి భుజం మీద ఒకరు పడి ఏడ్చేవారు. తెర పడగానే ఎడమొహం పెడమొహం.

“నిన్న నా మాట పూర్తికాకుండానే పాటెత్తుకున్నావ్.”

“నువ్వు సాగదీశావ్.”

“ఇవాళా సాగదీస్తా.”

“నేనూ ఎత్తుకుంటా.”

అన్నంతపనీ చేశారు. తల్లీకూతుళ్ల కీచులాట ఎంత సహజంగా ఉందోనని జనం ఈలలేశారు. ఆ నాటకం ఏళ్లపాటు ఆడింది. వాళ్లిద్దరూ సరిగ్గా మాట్లాడుకున్నది మాత్రం ఎవరూ చూడలేదు.