మేడమ్ కాలు, నా గేర్‌బాక్స్

కరోనా తగ్గిన మరుసటి ఏడు, వానాకాలం. నరసాపురంలో నేను కార్ల షెడ్డు పెట్టి అప్పటికి ఇరవై ఏళ్లు దాటింది. క్లచ్ పనిలో ఈ చుట్టుపక్కల నా తర్వాతే ఎవరైనా అని చెప్పుకునేవాణ్ణి. ఇప్పుడూ చెప్పుకుంటాను, ఏం, తప్పా? చెరువుగట్ల మీద, బురదలో, హాఫ్ క్లచ్ మీదే బండ్లు లాగించే ఊళ్లు మావి. ప్లేట్లు అరగక ఏమవుతాయి! ఎన్ని వందలు మార్చానో లెక్కలేదు. అలాంటి పనిలోనే ఒకసారి బుద్ధి గడ్డి తిన్నది.

పద్మావతి గారని లేసు పని చేయించే ఆవిడ. చుట్టూ తొమ్మిది ఊళ్లలో ఆడవాళ్లకి దారం ఇచ్చి, అల్లిన లేసు వారం వారం తెచ్చుకుంటారు. నలభై దాటాక డ్రైవింగ్ నేర్చుకుని, ఆ తిరుగుడు కోసమే పాత కారు కొన్నారు. భర్త సుబ్బారావు గారిది రొయ్యల మేత వ్యాపారం. మంచాయనే గానీ, ఆవిడ నడిపితే పక్కన నోరు మూసుకుని కూర్చోలేరు.

ఆ కారు క్లచ్ అరిగితే నేనే మార్చాను. ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఉండే గుండ్రటి బిళ్లే క్లచ్ ప్లేటు. అది మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి. దించడానికేం, ఎవడైనా దించుతాడు. తిరిగి ఎక్కించడంలోనే ఉంది పనితనమంతా. గేర్‌బాక్స్ ముందుకి పొడుచుకొచ్చే ఇన్‌పుట్ షాఫ్ట్, ప్లేటు నడుమ ఉన్న పళ్లలోకి తిన్నగా దూరాలి. బరువంతా జాక్ మీద ఉండాలి, ప్లేటు మీద పడకూడదు.

ఆ రోజు నా జాక్ పక్క షెడ్డువాళ్లు పట్టుకెళ్లారు. షెడ్డు కుర్రాళ్ల చేత చేతులతోనే ఎత్తించాను. ఇంజిన్‌కి ఇంకా అంగుళం సందు ఉండగానే గేర్‌బాక్స్ ఆగిపోయింది. మళ్లీ దించి సరిచూసుకోవాలా? బద్ధకించాను. రెండు బోల్టులు పెట్టి స్పానర్‌తో బిగిస్తూ లాగేశాను. టక్కుమని కూర్చుంది. "చూశారా, మన చెయ్యంటే అదీ!" అన్నాను కూడా.

పది రోజులకి మొగుడూ పెళ్లాలిద్దరూ వచ్చారు. ఫస్ట్ గేర్ సరిగ్గా పడటం లేదు, రివర్స్ వేస్తే గరగరమంటోంది.

"ఈవిడ క్లచ్ పూర్తిగా తొక్కదండీ. నేను చెబితే వినదు," అన్నారు సుబ్బారావు గారు.

"పూర్తిగానే తొక్కుతున్నానండీ," అన్నారావిడ నావైపు చూసి.

మా వృత్తిలో ఒక దురలవాటుంది. క్లచ్ గొడవంటే ముందు డ్రైవర్ కాలినే అంటాం. ఆడవాళ్లయితే మరీ తేలిక. బానెట్ కూడా ఎత్తకుండా, "కొంచెం గట్టిగా తొక్కండి మేడమ్, అలవాటైపోతుంది," అనేశాను. ఆయన, "విన్నావా?" అన్నారు.

ఆ సాయంత్రమే ఆయన తాళాలు తీసుకుని, కారు అమ్మకానికి పెట్టేశారట. మూడు వారాలకి, ఆయన్ని అడిగి తాళాలు తీసుకుని, ఆవిడ ఒక్కరే కారు తోలుకుని వచ్చారు.

"రేపు కొనేవాళ్లొస్తున్నారు. మీరు నా పక్కన కూర్చోండి. రోడ్డు చూడొద్దు, నా కాలు చూడండి."

కూర్చున్నాను. చెప్పు విప్పేసి తొక్కారు. పెడల్ కింద మ్యాట్‌కి ఆనింది. అయినా గేరు గరగరమంది. మళ్లీ తొక్కారు, మళ్లీ అదే. అంగుళం సందూ, ఆ రెండు బోల్టులూ కళ్ల ముందు కనబడ్డాయి.

గేర్‌బాక్స్ దించి చూస్తే అనుకున్నదే. ప్లేటు వంగింది. వంగిన ప్లేటు, పెడల్ ఎంత తొక్కినా ఇంజిన్‌ని పూర్తిగా వదలదు. ఇక గేరెలా పడుతుంది?

"ప్లేటే డూప్లికేటు వచ్చిందని చెప్పెయ్ అన్నా, ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు మా షెడ్డులో వెల్డింగ్ చేసే రాజు. నిజమే, ఎవరికీ తెలియదు. కానీ ఆవిడ ఎదురుగా నిలబడి ఉన్నారు. సిగ్గేసింది. సుబ్బారావు గారిని పిలిపించి, ప్లేటు చేతికిచ్చాను.

"ఇది నేను వంచిందండీ. మేడమ్ కాలిది ఏ తప్పూ లేదు. ఆ రోజు చూడకుండా వాగాను."

ఆయన ప్లేటుని అటూ ఇటూ తిప్పి, "కొనేవాళ్లకి వద్దని ఫోన్ చేస్తాను," అన్నారు.

కొత్త ప్లేటు వేసి, జాక్ మీద గేర్‌బాక్స్ నిలబెట్టి, షాఫ్ట్ కొద్దికొద్దిగా తిప్పుతూ పళ్లు కలిపాను. సందు లేకుండా చేత్తోనే లోపలికి జారింది. బోల్టులు వేళ్లతో ఎక్కాయి. ఇంజిన్ స్టార్ట్ చేయగానే గేరు వెన్నలా పడింది. ఏనాడూ నా పని నాకంత ముద్దొచ్చింది లేదు.

"మేడమ్, ఇక మీ తొమ్మిది ఊళ్లూ హాయిగా తిరగండి," అన్నాను తాళాలిస్తూ.

"ఇప్పుడు ఆరు ఊళ్లేనండీ. కారు లేని ఆ మూడు వారాలూ దారం రాక మూడు ఊళ్లవాళ్లు వేరేవాళ్ల దగ్గర కుదిరిపోయారు," అన్నారావిడ మామూలుగానే, సీటు ముందుకి జరుపుకుంటూ.

బోల్టుతో లాగకూడదని నాకు ముందే తెలుసు, అది కొత్తగా నేర్చుకున్నదేం కాదు. నేర్చుకున్నది వేరే. గేర్‌బాక్స్ తప్పుగా ఎక్కిస్తే దించి మళ్లీ ఎక్కించగలను. "గట్టిగా తొక్కండి మేడమ్" అన్న ఆ ఒక్క మాటని మాత్రం వెనక్కి దించలేకపోయాను.