పదడుగుల గదిలో నాలుగడుగుల స్పీకర్లు

ఆదివారం పొద్దున్న ముందుగదిలో బీరువా తలుపు దానంతటదే తెరుచుకుంది. లోపల మడతపెట్టి ఉన్న బొంతలు ఒకదాని వెనక ఒకటి జారి, కింద కుర్చీలో కూర్చున్న పెద్దాయన నెత్తిమీద పడ్డాయి. ఆయన మొహం మీది బొంత పక్కకి లాగి, "వీధిలో రోడ్డు వేస్తున్నార్రా?" అని కొడుకుని అడిగాడు.

రోడ్డు కాదు. కొడుకు కొత్తగా కొన్న స్పీకర్లలో వార్తలొస్తున్నాయి.

పెద్దాయనకి చెవులు మందగించి ఆర్నెల్లయింది. మాటలు తెలియక ముందు టీవీ దగ్గర నుంచి, తర్వాత భోజనాల దగ్గర నుంచి కూడా తప్పుకుని వెనకగదిలో ఒంటరిగా కూర్చోవడం మొదలుపెట్టాడు. ఆయన్ని మళ్ళీ నలుగురిలో కూర్చోబెట్టాలని కొడుకు తాపత్రయం. వినబడకపోతే పెద్దవి కొనాలన్నది అతని తెలివి. కొని, రెండు మూలల్లో రెండు నిలబెట్టి, వచ్చి చూడమని అక్క మొగుడికి కబురు చేశాడు.

ఆ అక్క మొగుడే చప్పట్ల మాస్టారు. మెట్ల కింద ఆరడుగుల కొట్లో ఇరవై ఏళ్ళుగా స్పీకర్లు బాగుచేస్తున్నాడు. ఏ గదిలో అడుగుపెట్టినా ముందు చప్పట్లు కొట్టి, గోడలు ఏమంటాయో వింటాడు. ఒకసారి పళ్ళ డాక్టరు దగ్గర అలాగే కొడితే, తనని పిలిచారనుకుని పక్కాయన లోపలికెళ్ళి పన్ను పీకించుకున్నాడు. "పెద్దది చూపించండి" అన్నవాణ్ణి మాస్టారు పురుగుని చూసినట్టు చూస్తాడు. "చెప్పుల కొట్లో కూడా ఇలాగే అడుగుతారా?" అంటాడు. అందుకే కొట్టు ఇంకా మెట్ల కిందే ఉంది.

వస్తూనే చప్పట్లు కొట్టాడు. నున్నటి నేల, ఒట్టి గోడలు ఆ చప్పుడుని గిలక్కాయలా ఆడించాయి.

"ఇది గది కాదు, బిందె. బిందెలో ఏనుగుని కట్టేశావు."

"దుకాణంలో బ్రహ్మాండంగా వినిపించాయి బావా."

"దుకాణంలో మంచం కూడా చిన్నగానే కనిపిస్తుంది. మూలలో పెట్టావంటే ఆ రెండు గోడలూ కలిసి హోరెత్తిస్తాయి. మాట మీద బోర్లించిన గంగాళం అది."

సంచిలోంచి టిఫిను డబ్బాలంత స్పీకర్లు రెండు తీశాడు. బీరువాలోంచి పడ్డ బొంతల్లో మందంగా ఉన్నదాన్ని ఎదురుగోడకి వేలాడదీశాడు. గోడకి ఎడంగా రెండు స్టూళ్ళు వేసి, వాటిమీద ఆ స్పీకర్లు మామగారి చెవుల ఎత్తుకి వచ్చేదాకా కింద పాత పుస్తకాలు దొంతరగా పేర్చాడు. బావమరిది ఇదంతా చేతులు కట్టుకుని, బొమ్మరిల్లు కడుతున్న పిల్లల్ని చూసినట్టు చూశాడు.

మాస్టారు పరీక్షకి పాటలు వాడడు. పాటలో ఏ లోపమైనా దాక్కుంటుందంటాడు. ఆయన దగ్గరున్న రికార్డింగు ఒక్కటే, భార్య ఫోనులో సరుకులు చెబుతున్నది. రోజూ వినే గొంతు కాబట్టి వెంట్రుకంత తేడా వచ్చినా పట్టేస్తాడు. ఆమెకి ఈ సంగతి తెలియదు.

ముందు పెద్దవాటిలో పెట్టాడు. కిటికీ ఊచలు వణికాయి. పెద్దాయన కుర్చీ చేతులు పట్టుకుని వెనకగది వైపు చూశాడు.

"లేవకండి మామయ్యా," అని మాస్టారు చేత్తో సైగచేసి చిన్నవాటిలో పెట్టాడు. అదీ సగం శబ్దానికే.

పెద్దాయన మెడ ముందుకి చాచాడు. పెదాలు కదిలాయి. "మా అమ్మాయి," అన్నాడు. కాసేపు విని, "అల్లుడూ, పోయినసారి చీపురు మర్చిపోయావుట. అడుగుతోంది. ఇవాళైనా తెచ్చావా?"

"ఇంకా లేదు మామయ్యా."

"మతిమరుపు మనిషివని కూడా అంటోంది," అని కూతురి మాటలు ఒక్కటీ పోనివ్వకుండా అల్లుడికి అప్పజెప్పాడు. తర్వాత వార్తలు పెట్టించుకుని కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాడు. భోజనం ఇక్కడికే తెమ్మన్నాడు.

కొడుకు ఆ డబ్బాల చుట్టూ ఒకసారి తిరిగాడు. మొహంలో కళ లేదు.

"అంతా బాగానే ఉంది గానీ బావా, ఇంటికొచ్చినవాళ్ళకి ఇవి కంటికి ఆనవు కదా."

మాస్టారు సంచి భుజాన తగిలించుకున్నాడు.

"చూపించుకోవడానికైతే ఆ పెద్దవాటి ఫోటో తీయించి గోడకి తగిలించు, నోరు మూసుకుని పడుంటాయి."