లుసంగా పట్టుబట్టిన ఐదు గంటలు

లుసంగాకు చీమ కుడితే తెలుస్తుంది. దాన్ని దులపడానికే కాలు రాదు. "స్పర్శ బాగానే ఉంది," అని రాసుకుంటాడు ఏటా సర్వేకొచ్చే డాక్టరు. సుత్తితో మోకాలి కింద తడతాడు. కాలు ఎగిరిపడుతుంది, పిల్లలు నవ్వుతారు. మెదడు నుంచి వెన్నుపాములోకి దిగి కాళ్లను నడిపించే నరాలు దెబ్బతిన్నాయని, నొప్పిని తెలిపేవి మిగిలాయని చెబుతాడు. ఈ మాట ఆమె పన్నెండుసార్లు వింది.

"ఇంతకీ ఏం తెచ్చావయ్యా?"

"కొలతలు కావాలమ్మా. నాలుగడుగులు నడువు."

"పోయినేడు నడిచినవి ఏం చేశావు, అమ్ముకున్నావా?"

కాంగోలో మా క్వాంగో ఊళ్లలో నమ్మకంగా పండేది చేదు కర్రపెండలం ఒక్కటే. తొక్క తీసి మూడు రోజులు వాగులో నానేస్తే విషం పోతుంది. లుసంగాకు ఇరవై రెండేళ్లప్పుడు, ఎండు పెండలం కొనే కిన్షాసా లారీ ముందే వచ్చింది. ఊరంతా ఒక్కరోజు నానినవి ఎండేసి అమ్మింది, మిగిలినవి వండుకు తిన్నది. పక్కన చిక్కుడు గింజ లేదు, చేప ముక్క లేదు. కొన్ని వారాలకు, గంపతో గట్టెక్కుతుంటే ఆమె కాళ్లు కర్రల్లా బిగుసుకున్నాయి. మర్నాడు లేవలేకపోయింది. ఆపైన జబ్బు పెరగనూ లేదు, తగ్గనూ లేదు. మునివేళ్ల మీద, మోకాళ్లు ఒరుసుకుంటూ, రెండు కర్రలతో నడక. దీన్ని కొంజో అంటారు, అంటే కట్టేసిన కాళ్లు. మంత్రం వేసి కట్టింది మేనమామ ఫువాతి అని తేల్చి ఆయన్ని ఊరి నుంచి వెళ్లగొట్టారు. లారీని ఎవరూ ఏమీ అనలేదు.

ఈ ఏడూ లారీ ముందే వస్తోందని కబురు. కోడలు ఖెండా నిన్న నానేసిన గంపలు ఇవాళే తీయబోతే, గట్టు మీద కర్ర అడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది లుసంగా.

"లే అత్తా. ఎండడానికే రెండు రోజులు కావాలి."

"ఎల్లుండి తియ్యి."

"ఎల్లుండి తీస్తే లారీ దొరకదు. ఇంట్లో సబ్బు లేదు, ఉప్పు లేదు, మలూకి పలక లేదు. నువ్వు తెస్తావా?"

"బడికి పోవడానికి నీ కూతురికి కాళ్లుండాలిగా."

"ఇది అమ్మడానికే. పిల్లకు కాదు."

"కిన్షాసా వాళ్లవి కాళ్లు కావా?"

"వాళ్లకు చేపలున్నాయి. మనకేమున్నాయి?"

లుసంగా కర్ర పక్కకు తీసింది. ఖెండా గంపలు ఎత్తుకుపోయింది.

లారీ వెళ్లిన మధ్యాహ్నం, అమ్మగా మిగిలినవి దంచి ఖెండా ఎసరు పెట్టింది. పిల్లకు కాదన్న పిండే అది. లుసంగా దేక్కుంటూ వచ్చి పిండి గిన్నె లాక్కుని, నీళ్లు కలిపి, చాప మీద పల్చగా పరిచింది.

"ఐదు గంటలు. నీడలో. విషం గాలికి పోతుందని ఈసారి డాక్టరు చెప్పిపోయాడు."

"పిల్లను ఐదు గంటలు పస్తుంచుతావా?"

మలూ ఏడ్చింది. లుసంగా కొంగున మూటగట్టిన వేరుశనగలు దాని చేతిలో పోసి, చాప పక్కనే కూర్చుంది. కోళ్లను అదిలించింది, కోడలి తిట్లు విన్నది. పొద్దు వాలాకే ముద్ద వండనిచ్చింది.

మర్నాడు పొద్దున్నే చేనికి పోబోతూ ఖెండాయే పిండి తడిపి పరిచింది, మొహం తిప్పుకునే.

"ఇప్పుడే కలిపితే మధ్యాహ్నానికి సరిపోతుందిగా. ఈ మాట ముందే చెప్పుంటే పిల్ల ఏడ్చేది కాదు."

"నాకు చెప్పడానికే వాళ్లకు పన్నెండేళ్లు పట్టిందే," అంది లుసంగా, కోడిని కర్రతో తోలుతూ.