ఓడ అంచు దాకా వెళ్లి

గల్ఫ్‌లో నా పని ఓడల అడుగున అంటుకున్న గుల్లలు గీకడం. మా ఊరు ఎల్లారెడ్డి బావుల్లో ఈత నేర్చినవాణ్ణి, ఆ వెచ్చటి సముద్రం నాకు పెద్ద కష్టమనిపించలేదు. కిందటేడు మా కంపెనీ నన్నూ, నాతో పనిచేసే మలయాళీ అన్ననూ ఉత్తరాన ఎక్కడో ఉన్న ఒక చలిదేశానికి పంపింది. ఎప్పటిదో యుద్ధంలో మునిగిన ఓడ ఒకటి అక్కడ చాలా లోతున ఉంది. చరిత్ర రాసేవాళ్ల కోసం దాని ఫొటోలు తీయాలి.

నీళ్లు చొరబడని సూటు వేసుకున్నా ముఖం మొద్దుబారిపోయింది. లంగరు తాడు పట్టుకుని దిగాం. కాసేపటికి వెలుతురు ఆకుపచ్చగా మారింది, తర్వాత అదీ పోయింది. టార్చి వేస్తే ముందొక కమ్మీ, దాని వెనక వంగిన గోడలాంటి ఓడ పక్కభాగం కనిపించాయి. చేయి చాపితే అందేంత దగ్గర. సరిగ్గా అప్పుడే నా నోట్లో ఉన్న గాలి పరికరం చలికి గడ్డకట్టింది. సిలిండర్లోని గాలి ఆగకుండా తన్నుకొచ్చింది. బుడగల్లో ఏమీ కనబడలేదు. అలాంటప్పుడు ఇల్లు గుర్తొస్తుందంటారు. నాకేదీ గుర్తురాలేదు. తడుముకుని అన్న భుజం పట్టుకున్నాను. ఆయన తన దగ్గరున్న రెండో గొట్టం నా నోటికందించి, నా సిలిండర్ గాలి కట్టేసి, పైకి పోదామని బొటనవేలు చూపించాడు.

లోతు నుంచి ఒక్కసారిగా పైకొస్తే ప్రాణానికే ముప్పు. తాడు మీద ఆగి ఆగి రావాలి. ఆ ఆగడమే నాకు అన్నిటికన్నా కష్టమైంది. అన్న మాత్రం నా మోచేయి వదల్లేదు.

పడవెక్కి మాస్కు తీయగానే డీజిల్ వాసన కొట్టింది. అంత మంచి వాసన ఎన్నడూ ఎరగను. అన్న చేతులు రుద్దుకుంటూ, తన చేతి తొడుగులోకి నీళ్లు దిగి వేళ్లు తిమ్మిరెక్కాయనీ, వెనక్కి పోదామని తనే చెప్పబోతున్నాడనీ అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

మధ్యాహ్నం ఇంటికి ఫోన్ చేశాను. నా భార్య కామారెడ్డి బస్టాండులో ఎల్లారెడ్డి బస్సు కోసం చూస్తోంది. జరిగిందంతా చెప్పాను.

"ఇప్పుడు మంచిగున్నవా?" అంది.

"మంచిగనే ఉన్న. ఓడ లోపటికైతే పోలే."

"పోకుంటే ఏమాయె? అండ్ల మనోళ్లెవలన్న ఉన్నరా? తిన్నవా లేదా, గది చెప్పు."

తిన్నానన్నాను. బస్సొచ్చిందంటూ పెట్టేసింది.

మర్నాడు వేరే ఇద్దరు దిగి ఫొటోలు తెచ్చారు. ఒకదాంట్లో బురదలో సగం కూరుకున్న పింగాణీ గిన్నె ఉంది. మమ్మల్ని మళ్లీ దిగమని ఎవరూ అడగలేదు. అడగనందుకు అన్నా నేనూ ఆ పూట చాయ్ మీద చాయ్ తాగాం.